కుర్చీలోంచి లేవగలిగే బలం

పొన్నూరు, తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు అరవై దాటినవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాట తిరిగి తిరిగి మోకాళ్ల దగ్గరికి వస్తుంది. గుజ్జు అరిగిపోయిందని ఒకరంటారు. కింద కూర్చుంటే ఎవరైనా చెయ్యి అందిస్తేగాని లేవలేకపోతున్నానని ఇంకొకరంటారు. గుడి మెట్లెక్కితే ఆయాసం, బస్సెక్కాలంటే భయం, రాత్రి బాత్రూముకు వెళ్లాలంటే గోడ పట్టుకోవాలి. వీళ్లలో చాలామందికి ఒళ్లు వచ్చింది. బీపీ, షుగరు ఎలాగూ ఉన్నాయి. డాక్టరు రాసిచ్చే చీటీలో మందుల కింద ఒక సలహా ఉంటుంది: బరువు తగ్గాలి. ఎంత తగ్గాలి, ఎంత కాలంలో తగ్గాలి, తగ్గేటప్పుడు ఒంట్లో ఏది పోకుండా కాపాడుకోవాలి, ఇదంతా ఎవరి పర్యవేక్షణలో జరగాలి అన్న సంగతులు ఆ చీటీలో ఉండవు. పెద్దవయసు ఊబకాయానికి మన దగ్గర జరుగుతున్న వైద్యంలో అసలు లోటు ఇదే. అరవై అయిదేళ్ల మనిషిని బరువు తగ్గమని చెప్పి పంపెయ్యడం సగం వైద్యం, ఒక్కోసారి కీడు చేసే వైద్యం కూడా. ఆ వయసులో ఊబకాయానికి ముఖ్యమైన చికిత్స కండను నిలబెట్టి, కీళ్లను కదిలించి, తన పని తాను చేసుకునే శక్తిని మనిషికి తిరిగి తెచ్చే పునరావాస చికిత్స. ఆహార నియమం, మందులు, అవసరమైతే ఆపరేషన్ దాని వెంట నడవాలి. ఆ చికిత్స గుంటూరు, విజయవాడ పెద్దాసుపత్రులకే పరిమితం కాకుండా సొంత ఊళ్లో, నడిచి వెళ్లగలిగే దూరంలో దొరకాలి.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూడాలి. యాభై దాటాక మనిషి కండ ఏటా కొద్దికొద్దిగా కరుగుతూ వస్తుంది, కండ పరిమాణం కంటే దాని బలం ఇంకా వేగంగా తగ్గుతుంది. అదే కాలంలో కొవ్వు పెరుగుతుంది, ముఖ్యంగా పొట్ట చుట్టూ, కాలేయంలో, కండల పొరల మధ్యలో. అంటే బండి మీద బస్తాలు పెరుగుతున్న కొద్దీ లాగే ఎడ్లు చిక్కిపోతున్నట్టన్న మాట. ఈ స్థితిని వైద్యులు ఇప్పుడు ఒక ప్రత్యేకమైన జబ్బుగా గుర్తిస్తున్నారు. కండ క్షీణత, ఊబకాయం రెండూ కలిసి ఉన్న ఈ పరిస్థితిని ఎలా నిర్ధారించాలో 2022లో ఐరోపా పోషకాహార, ఊబకాయ వైద్య సంఘాలు కలిసి ఒక ఉమ్మడి పద్ధతి ప్రకటించాయి. బరువు తూచే యంత్రం దీన్ని పట్టుకోలేదు. రెండు కిలోల కండ పోయి రెండు కిలోల కొవ్వు చేరితే ముల్లు అక్కడే ఉంటుంది, మనిషి మాత్రం బలహీనపడతాడు. పైగా వయసుతో వెన్ను వంగి ఎత్తు తగ్గుతుంది కాబట్టి ఎత్తు-బరువుల లెక్క (బాడీ మాస్ ఇండెక్స్) కూడా తప్పుదారి పట్టిస్తుంది. భారతీయుల్లో అదే బరువుకు కొవ్వు పాలు ఎక్కువ. అందుకే పాశ్చాత్యులకు బాడీ మాస్ ఇండెక్స్ 30 దాటితే ఊబకాయం అంటుంటే మనకు 25 దగ్గరే ఊబకాయం లెక్కలోకి వస్తుంది. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ప్రమాద సూచిక. 2025 జనవరిలో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం కూడా ఊబకాయాన్ని బాడీ మాస్ ఇండెక్స్ ఒక్కదానితో నిర్ణయించవద్దని, అవయవాల పనితీరు, రోజువారీ పనులు చేసుకోగలగడం ఎంతవరకు దెబ్బతిన్నాయో చూడాలని చెప్పింది.

ఈ జబ్బు మన ప్రాంతంలో ఎలా పాతుకుందో ఊహించడం కష్టం కాదు. కృష్ణా పశ్చిమ డెల్టా వరి పండించే నేల. దేశమంతా సన్నబియ్యంగా తినే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, 1986లో బాపట్ల నుంచే బయటికి వచ్చింది. మూడు పూటలా అన్నం తిన్న పాత తరం దానికి తగ్గట్టు ఒళ్లు వంచి పనిచేసింది. నాట్లు, కలుపులు, కోతలు, కుప్పనూర్పిళ్లు, నీళ్లు మొయ్యడం, పిండి రుబ్బడం అన్నీ కండకు పని చెప్పేవి. ఇప్పుడు కోత యంత్రం వచ్చింది, గ్రైండరు వచ్చింది, గుమ్మం ముందుకు ఆటో వచ్చింది. ఆ సౌకర్యాలు రావలసినవే. అయితే పని పోయినంత వేగంగా కంచంలో అన్నం తగ్గలేదు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే ఇంట్లో మిగిలేది ఇద్దరు ముసలివాళ్లు, కొన్నాళ్లకు ఒక్కరు. ఒక్క మనిషికి కూర వండుకోవడం దండగనిపించి పచ్చడి, మజ్జిగ, అన్నంతో సరిపెట్టుకునే ఇళ్లు లెక్కలేనన్ని. ఒంటికి శక్తి అందుతుంది, కండకు కావలసిన మాంసకృత్తులు అందవు. 2021 నాటి జనాభా అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అరవై దాటినవాళ్లు సుమారు 12.4 శాతం. దేశ సగటు పది శాతం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్ర మహిళల్లో 36.3 శాతం, పురుషుల్లో 31.1 శాతం అధిక బరువుతో ఉన్నారని తేలింది. ఈ లెక్క నలభై తొమ్మిదేళ్లతో ఆగిపోతుంది. ఆ వయసుకు ఆ బరువుతో ఉన్నవాళ్లే ఇంకో పదేళ్లకు మోకాళ్లు పట్టుకుని ఆసుపత్రి బెంచీల మీద కూర్చుంటారు. నలభై అయిదు దాటినవాళ్ల కోసం 2017-18లో ముంబయి జనాభా అధ్యయన సంస్థ జరిపిన లాసీ సర్వే బరువుతో పాటు చేతి పట్టును, నడక వేగాన్ని కూడా కొలిచింది. మన ఆసుపత్రుల్లో ఆ రెండు కొలతలూ ఇంకా అలవాటులోకి రాలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పెద్దవాళ్లు తిండి తగ్గించి బరువు తగ్గితే చాలదా? దీనికి చక్కని జవాబు 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అమెరికాలో డెన్నిస్ విల్లారియల్ బృందం అరవై అయిదు దాటిన 107 మంది స్థూలకాయులను నాలుగు జట్లుగా విడదీసి ఏడాది పాటు గమనించింది. ఒక జట్టుకు ఏ ప్రత్యేక చికిత్సా లేదు, ఒక జట్టుకు ఆహార నియమం, ఒక జట్టుకు వ్యాయామం, ఒక జట్టుకు రెండూ. ఆహార నియమం పాటించిన రెండు జట్లూ దాదాపు సమానంగా, సుమారు పదో వంతు బరువు తగ్గాయి. బరువు ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే రెండింటికీ తేడా లేదు. కానీ మెట్లెక్కడం, కుర్చీలోంచి లేవడం, బరువెత్తి అరలో పెట్టడం వంటి పనులతో జరిపిన శక్తి పరీక్షలో ఆహార జట్టు 12 శాతం మెరుగైతే, రెండూ చేసిన జట్టు 21 శాతం మెరుగైంది. బరువు దాదాపు తగ్గకుండా వ్యాయామం మాత్రమే చేసినవాళ్లు కూడా 15 శాతం మెరుగయ్యారు. తిండి మాత్రమే తగ్గించినవాళ్లు కొవ్వు కాని కణజాలంలో 5 శాతం, తుంటి ఎముక సాంద్రతలో 3 శాతం పోగొట్టుకున్నారు. వ్యాయామం కలిసినప్పుడు ఆ నష్టం 3 శాతానికి, ఒక శాతానికి దిగింది. బస్తాలు దించాలని ఎడ్లకు మేత ఆపేస్తే ఏమవుతుందో ఆహార జట్టులో అదే జరిగింది. పడితే తుంటి విరిగే వయసులో ఎముక మూడు శాతం పలచబడడం చిన్న విషయం కాదు. కొన్నేళ్ల కిందట కోస్తా జిల్లాల్లో కొవ్వు, నిమ్మరసం, ద్రవాహారంతో వారాల్లో కిలోలకు కిలోలు తగ్గించే పద్ధతులు ఊపేసినప్పుడు పెద్దవాళ్లు కూడా వాటిలోకి దిగారు. దిగిన కిలోల్లో కొవ్వెంత, కండెంత అని అడిగే ఏర్పాటు ఎక్కడా లేకపోయింది.

సరే, రోజూ వాకింగ్ చేస్తున్నాం కదా అనేవాళ్లున్నారు. నడక మంచిదే, గుండెకూ షుగరుకూ మేలు చేస్తుంది. అదొక్కటే చాలదని అదే బృందం 2017లో చూపించింది. ఈసారి 160 మంది పెద్దవయసు స్థూలకాయుల్లో, పోలిక కోసం ఉంచిన జట్టు తప్ప మిగతావాళ్లంతా ఆరు నెలల పాటు ఆహార నియమం పాటించారు. నడక, సైకిలు తొక్కడం వంటి ఊపిరి వ్యాయామాలు ఒక జట్టు, బరువులతో కండ వ్యాయామాలు ఒక జట్టు, రెండూ కలిపి ఒక జట్టు చేశాయి. ఊపిరి వ్యాయామాలే చేసినవాళ్లు కొవ్వు కాని కణజాలం 5 శాతం కోల్పోయారు. కండ వ్యాయామం చేసినవాళ్లకు పోయింది 2 శాతమే, రెండూ కలిపినవాళ్లకు 3 శాతం. శక్తి పరీక్షలో మాత్రం రెండూ కలిపిన జట్టే ముందుంది: వాళ్లు 21 శాతం మెరుగైతే మిగతా రెండు జట్లు 14 శాతం దగ్గర ఆగాయి. అంటే పొద్దున్నే కాలువ గట్టు మీదో కాలేజీ మైదానంలోనో అరగంట నడిచి ఇంటికొచ్చే మనిషికి ఇంకో సగం పని మిగిలే ఉంది. తొడ కండకు, పిరుదు కండకు, పిక్కలకు, చేతులకు బరువు మీద పని చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు కూడా ఇవే: వారానికి కనీసం 150 నిమిషాల ఒక మోస్తరు శ్రమ, రెండు రోజులు కండ వ్యాయామం, పెద్దవాళ్లకైతే మూడు రోజులు తూలి పడకుండా నిలకడ నేర్పే సాధన.

ఆ వయసులో కండ పెరుగుతుందా అన్న అనుమానం సహజం. మారియా ఫియటరోని బృందం 1990లో ఒక వృద్ధాశ్రమంలో సగటున తొంభై ఏళ్ల వయసున్న పదిమందికి ఎనిమిది వారాలు కాళ్ల కండలకు బరువులతో సాధన చేయించింది. వాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది, నడక చురుకైంది. నాలుగేళ్ల తరవాత వందమందితో చేసిన పెద్ద ప్రయోగంలో సగటు వయసు 87, సాధన చేసినవాళ్ల బలం పది వారాల్లో 113 శాతం పెరిగింది. అంత బలహీనమైన శరీరం కూడా సాధనకు స్పందిస్తుందని తేలాక, మా అమ్మకు డెబ్భై వచ్చాయి ఇంకేం చేస్తుంది అనే మాటకు ఆధారం లేదు. అయితే ఈ ఫలితాలు గాలివాటంగా చేసిన వ్యాయామంతో రాలేదని గుర్తుపెట్టుకోవాలి. ఎంత బరువు, ఎన్నిసార్లు, ఎప్పుడు పెంచాలి అన్నది ఒక శిక్షకుడు నిర్ణయించి, పక్కన నిలబడి చేయించాడు. మందు మోతాదు లాగానే వ్యాయామానికీ మోతాదు ఉంటుంది. నడవండి, కాస్త కదలండి అనే పెదవి సలహాకు, పునరావాస చికిత్సకు తేడా అక్కడే ఉంది.

ఆ చికిత్స పరీక్షతో మొదలవుతుంది. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే, ఆరు మీటర్ల దూరం మామూలుగా నడవడానికి ఆరు సెకన్లు దాటితే, చేతి పట్టు మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18 కిలోల కంటే తక్కువుంటే కండ బలం తగ్గిందని ఆసియా దేశాల నిపుణులు 2019లో హద్దులు పెట్టారు. మొదటి రెండు పరీక్షలకు కావలసింది ఒక కుర్చీ, ఒక టేపు, చేతిలో ఉన్న ఫోను. తరవాత మందుల సంచి విప్పి చూడాలి. తిండి తగ్గించి వ్యాయామం మొదలుపెట్టిన మనిషి పాత మోతాదులోనే షుగరు మాత్రలు వేసుకుంటే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. బరువు తగ్గేకొద్దీ బీపీ మాత్రలు కూడా ఎక్కువైపోయి లేవగానే తూలిపడవచ్చు. ఇక మోకాలి నొప్పికి ఎక్కడో ఒకచోట తరచూ వేయించుకునే సూదుల్లో, పొట్లాల్లో స్టెరాయిడ్లు ఉంటే కథ పూర్తిగా అడ్డం తిరుగుతుంది. నొప్పి ఒక్క పూటలో మాయమవుతుంది గానీ నెలల తరబడి వాడితే పొట్ట, ముఖం ఉబ్బుతాయి, షుగరు పెరుగుతుంది, తొడ కండ కరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. ఊబకాయం, కండ క్షీణత రెండింటినీ ఒకేసారి పెంచే మందు అది. వీటితో పాటు థైరాయిడ్, విటమిన్ డి, బి12 లోపాలు, గురకతో చెడిపోయే నిద్ర, భాగస్వామి పోయాక వచ్చే దిగులు, ఇవన్నీ చూశాకే మనిషికి తగిన ప్రణాళిక వెయ్యగలరు.

ప్రణాళికలోని వ్యాయామాలు చూడడానికి సాదాగా ఉంటాయి. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం అన్నిటికంటే ముఖ్యమైనది. మొదట కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుతారు, బలం వచ్చేకొద్దీ దిండు తీసేస్తారు, ఆ తరవాత చేతిలో నీళ్ల సీసా పట్టిస్తారు. చీలమండకు అరకిలో ఇసుక సంచి కట్టి కాలు చాపడం, వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, గోడకు చేతులానించి ఒంటిని తోసుకోవడం, ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి నిలబడడం ఇవన్నీ ఇంట్లో చేసుకోగలిగినవే. ఒక్కొక్కటి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, వారానికి రెండు మూడు రోజులు, తేలికైపోయిన వెంటనే బరువు పెంచాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, పాదాల్లో స్పర్శ తగ్గిన షుగరు రోగులు డాక్టరు చూశాకే మొదలుపెట్టాలి. ఇల్లు కూడా చికిత్సలో భాగమే. బాత్రూములో పట్టుకునే కడ్డీ, జారని నేల, రాత్రి దీపం, కమోడ్ ఎత్తు సరిచూడడం పడిపోకుండా కాపాడతాయి. లక్ష్యాన్ని కిలోల్లో కాకుండా పనుల్లో రాసుకోవాలి: పొన్నూరు సాక్షి భావనారాయణ స్వామి గుడికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్లి రావడం, నిడుబ్రోలు స్టేషన్లో రైలెక్కడం, మనవడి పెళ్లిలో పీట మీద కూర్చుని లేవడం. మనిషిని రోజూ సాధనకు తీసుకొచ్చేవి ఇలాంటి కోరికలే.

తిండి విషయంలో విల్లారియల్ బృందం పాటించిన కొలత మనకూ పనికొస్తుంది: రోజుకు 500 నుంచి 750 కేలరీలు తగ్గించడం, కిలో బరువుకు ఒక గ్రాము మాంసకృత్తులు ఇవ్వడం. ఆరు నెలల్లో అయిదు నుంచి పది శాతం తగ్గితే చాలు, అంతకంటే తొందర అక్కర్లేదు. మన ప్రాంతంలో దీనికి కావలసిన సరుకు బయటినుంచి తెచ్చుకోనవసరం లేదు. వరి కోతకు ముందే చేలో చల్లే మినుములో నాలుగో వంతు దాకా మాంసకృత్తులే. పెసలు, కందిపప్పు, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, గుడ్డు, నిజాంపట్నం, రేపల్లె నుంచి వచ్చే చేప అందుబాటులో ఉన్నవే. పొద్దున రెండు పెసరట్లు, మధ్యాహ్నం సగానికి తగ్గించిన అన్నం, గట్టి పప్పు, కూర, ఒక గుడ్డో చేప ముక్కో, రాత్రి పెరుగు. ఇంతమాత్రానికే అరవై కిలోల మనిషికి కావలసిన అరవై గ్రాములు సుమారుగా అందుతాయి. శాకాహారులు పప్పుల వాటా, పెరుగు వాటా పెంచుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు, డాక్టరు చెప్పిన మేరకే తినాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు ధాన్యాల వాటాను మొత్తం కేలరీల్లో 45 శాతానికి మించనివ్వొద్దన్నాయి, ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని కూడా హెచ్చరించాయి. పొడి డబ్బాకు పెట్టే డబ్బుతో నెలంతా గుడ్లు, పెసలు వస్తాయి.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో మొదటిది మోకాళ్లది. అరిగిన కీలును ఇంకా వాడితే ఇంకా అరగదా అని భయం. కీలు జీవమున్న కణజాలం. దానికి పోషణ అందేది కదలికతోనే, దాని మీద పడే ఊపును ముందుగా తట్టుకునేది తొడ కండే. ఆ కండ చిక్కిపోతే బరువంతా నేరుగా కీలు మీద పడుతుంది. ఒక కిలో బరువు తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని స్టీఫెన్ మెసియర్ బృందం 2005లో కొలిచింది. అదే బృందం 2013లో యాభై అయిదు దాటిన 454 మంది మోకాలి రోగులపై జరిపిన ఏడాదిన్నర అధ్యయనాన్ని ప్రచురించి, ఆహారం, వ్యాయామం కలిపినవాళ్లకు నొప్పి, నడక రెండూ మెరుగయ్యాయని చెప్పింది. వ్యాయామం ఒక్కటే ఇచ్చే ఉపశమనం చాలామందిలో మితంగానే ఉంటుందని పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి. నేను కూడా అద్భుతాలు జరుగుతాయని చెప్పడం లేదు. నొప్పి మాత్ర కడుపుకూ మూత్రపిండాలకూ చేసే చెరుపు లేకుండా వచ్చే మితమైన మేలు, నెలనెలా నిలిచే మేలు, చిన్నదేమీ కాదు. కీలు పూర్తిగా పాడై ఆపరేషన్ తప్పనివాళ్లకూ ముందు తొడ కండ బలపడితేనే తరవాత కోలుకోవడం సులువవుతుంది.

రెండో అభ్యంతరం చదువుకున్నవాళ్ల నుంచి వస్తుంది, అది బరువైనది. పెద్దవయసులో కాస్త లావుగా ఉన్నవాళ్లే ఎక్కువకాలం బతుకుతున్నారని పరిశోధనలు చెబుతున్నాయి కదా, వాళ్లను ఎందుకు కదిలించాలి అంటారు. అరవై అయిదు దాటిన సుమారు రెండు లక్షల మంది వివరాలను కలిపి 2014లో ప్రచురించిన విశ్లేషణలో మరణాలు అతి తక్కువగా కనిపించింది బాడీ మాస్ ఇండెక్స్ 27 దగ్గర. ఆ మాట నిజమే. దాన్ని కొట్టిపారెయ్యకూడదు. అయితే సన్నబడినవాళ్లలో జబ్బు వల్ల చిక్కిపోయినవాళ్లు కలిసి ఉంటారు, ఆ వివరాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాలవి, మన శరీరాల్లో కొవ్వు పాలు వేరు. అంతకంటే ముఖ్యం, బతకడం ఒకటి, మంచం దిగి తన పని తాను చేసుకుంటూ బతకడం ఒకటి. పైగా ఈ పరిశోధన నా వాదనను బలపరుస్తోంది. పెద్దవాళ్ల బరువు ముల్లును బలవంతంగా కిందికి లాగడం మేలు చేస్తుందన్న నమ్మకం లేదు కాబట్టే, ముందు కండ బలం, నడక చూసుకుని, కొవ్వును నెమ్మదిగా, అవసరమైనవాళ్లకే తగ్గించాలి. బలం కోసం చేసే సాధనకు లావు, సన్నం అన్న తేడా లేదు, దానివల్ల నష్టపోయేవాళ్లూ అరుదు.

మూడోది కొత్త సూది మందులది. టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు కోసం వాడే సెమాగ్లుటైడ్ అదే ఏడాది జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. ఈ మందులు నిజంగా పనిచేస్తాయి. మోకాలి అరుగుదల ఉన్న 407 మంది స్థూలకాయుల్లో కొందరికి 68 వారాలు సెమాగ్లుటైడ్, మిగతావాళ్లకు ఉత్తుత్తి మందు ఇచ్చి చూసిన ప్రయోగం 2024లో వెలువడింది. సెమాగ్లుటైడ్ తీసుకున్నవాళ్ల బరువు సగటున 13.7 శాతం తగ్గింది, నొప్పి బాగా తగ్గింది. కాబట్టి తగినవాళ్లకు డాక్టరు ఇస్తే వద్దనడానికి కారణం లేదు. కానీ ఆ ప్రయోగంలో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 56. ఆకలి చచ్చిపోయిన డెబ్భై అయిదేళ్ల మనిషి కంచంలో మొదట మాయమయ్యేది పప్పూ గుడ్డూ. అలా తగ్గిన బరువులో కండ వాటా కూడా ఉంటుంది. మందు ఆపితే తిరిగి వచ్చే బరువులో కొవ్వే ఎక్కువ. ధర తగ్గి ఈ సూదులు ప్రతి మందుల షాపులోనూ దొరికే రోజు దూరంలో లేదు. ఆ రోజుకు ముందే కండను కాపాడే ఏర్పాటు సిద్ధంగా లేకపోతే, సన్నబడి లేవలేని ముసలివాళ్లు మన వీధుల్లో పెరుగుతారు. సూది ఇచ్చే చెయ్యి పక్కన సాధన చేయించే చెయ్యి తప్పకుండా ఉండాలి.

ఇంకో అభ్యంతరం ప్రేమతో పుడుతుంది. జీవితమంతా కష్టపడ్డారు, ఇప్పుడైనా కూర్చోనివ్వండి అంటారు పిల్లలు. మంచినీళ్లు కూడా చేతికే అందిస్తారు, పని అమ్మాయిని పెడతారు, అమ్మ వంగి చీపురు పట్టుకుంటే కోప్పడతారు. ఆ ప్రేమను తప్పుపట్టలేం. కానీ మంచం మీద పది రోజులు కదలకుండా ఉన్న పెద్దవయసు మనిషి కాళ్లలో పోయే కండను తిరిగి తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది. అమ్మానాన్నల మీద గౌరవం వాళ్లను కుర్చీకి కట్టెయ్యకూడదు. విశ్రాంతి అలసిన శరీరానికి కావాలి, రోజంతా కాదు. అమెరికా నుంచి నెలనెలా డబ్బు పంపే కొడుకు వారానికి రెండుసార్లు ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టును కుదిర్చి, వీడియో కాల్‌లో నాన్నతో కలిసి ఐదుసార్లు కుర్చీలోంచి లేచి కూర్చుంటే, కొత్త టీవీ కొనిచ్చిన దానికంటే ఎక్కువ సేవ చేసినట్టు.

చివరిది, అన్నిటికంటే కష్టమైనది: ఇదంతా ఎవరు చేస్తారు, డబ్బెక్కడిది? కాగితం మీద మనకు ఏర్పాటు ఉంది. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో వారానికి రెండు రోజులు వృద్ధుల క్లినిక్, ఫిజియోథెరపీ, జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు ఉండాలంది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు అందించవలసిన పన్నెండు రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణ ఒకటి. డెబ్భై నిండినవాళ్లకు 2024 అక్టోబరు నుంచి కుటుంబానికి ఏటా అయిదు లక్షల బీమా ఉంది, కానీ అది ఆసుపత్రిలో చేరితేనే. కుర్చీలోంచి లేవడం నేర్పడానికి ఎవరూ ఆసుపత్రిలో చేరరు. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఏటా ఫిజియోథెరపీ పట్టభద్రులు బయటికి వస్తున్నారు. ఈ వృత్తిని 2021 నాటి కేంద్ర చట్టం గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో వాళ్ల సంఖ్య పెంచడం మొదటి మెట్టు. ప్రతి ముసలివాడికీ ఒక ఫిజియోథెరపిస్టు కుదరదనేది నిజం, అవసరం కూడా లేదు. జపాన్‌లోని కోచి నగరం 2002లో చేతికి, కాలికి కట్టుకునే చిన్న బరువులతో పెద్దవాళ్ల సాధన ఒకటి రూపొందించింది. వీధి మందిరాల్లో పెద్దవాళ్లే గుంపులుగా చేరి చేసుకునే ఆ పద్ధతి ఆ దేశంలో ఎన్నో పట్టణాలకు పాకింది. మన దగ్గర డ్వాక్రా సంఘాలున్నాయి, రామాలయం మండపాలున్నాయి, 2019 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలున్నాయి. ఫిజియోథెరపిస్టు వారానికొకసారి వచ్చి చూసి, మోతాదు మార్చి వెళితే మిగతా రోజులు సంఘంలోని శిక్షణ పొందిన మహిళ చేయించగలదు.

దీనికి మొదటి అడుగు పొన్నూరు పురపాలక సంఘం, చుట్టుపక్కల పంచాయతీలు రేపే వేయవచ్చు. ఎన్టీఆర్ భరోసా పింఛను పంచడానికి సచివాలయ సిబ్బంది నెల మొదట్లో ముసలివాళ్ల ఇంటి గడపకు వెళుతున్నారు. ఏ ఇంట్లో ఎవరున్నారో వాళ్లకు తెలుసు. ఏడాదికి రెండుసార్లు ఆ రోజునే ఆరోగ్య కార్యకర్త వెంట వెళ్లి, నడుము చుట్టుకొలత తీసుకుని, ఐదుసార్లు కుర్చీలోంచి లేపి సెకన్లు రాసుకుంటే ఎవరికి పునరావాస చికిత్స అవసరమో ఊరి వరకు జాబితా తయారవుతుంది. ఆ జాబితా తెనాలి జిల్లా ఆసుపత్రికి, బాపట్ల, రేపల్లె ఆసుపత్రులకు చేరితే వైద్యులకు తాము ఎంతమందికి ఎలాంటి సేవ అందించాలో తెలుస్తుంది. ఆరు నెలల తరవాత అదే కుర్చీ, అదే పరీక్ష పథకం పనిచేసిందో లేదో చెబుతుంది. ప్రభుత్వం కదిలేదాకా ఇళ్లలో ఆగనవసరం లేదు. తరవాతిసారి డాక్టరు చీటీ మీద బరువు తగ్గాలి అని రాసినప్పుడు, కండ పోకుండా ఎలా తగ్గాలి, ఏ వ్యాయామం ఎంత మోతాదులో చెయ్యాలి, దాన్ని నేర్పేది ఎవరు అని మూడు ప్రశ్నలు అడగాలి. ఆ ప్రశ్నలకు జవాబు రాయించుకోకుండా ఆ గది నుంచి బయటికి రావద్దు.